పారబోతలో ఎంత పోయింది: ప్రొద్దుటూరు మిద్దె మీద బంగారం గాలింపు డైరీ

ముందే చెప్పేస్తా, ఇది వంకలో తవ్వి బంగారం తీసిన కథ కాదు. బంగారం కోసం నేల వెతకాలన్నా 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం కింద అనుమతి ఉండాలి. ‘మా చేనే కదా’ అంటే కుదరదు. అందుకే ఈ నాలుగు నెలలూ పనంతా మా మిద్దె మీదే జరిగింది. పక్కింటి కట్టడం దగ్గర మిగిలిన ఇసుక, లెక్కపెట్టి కలిపిన సీసం, తూచి కలిపిన బంగారు రజను, చివర్లో నగలు చేసే మా మేనమామ అంగట్లో ఊడ్చిన మట్టి. ఎంత కలిపానో తెలుసు కాబట్టి ఎంత పోగొట్టానో తెలిసింది. ఆ లెక్కే ఈ డైరీ.

దశ 1: సామాను, మొదటి దెబ్బ (ఏప్రిల్)

కొన్నవి:

1. గాలింపు పళ్ళెం, 14 అంగుళాల ప్లాస్టిక్‌ది, ఒక పక్క మెట్లు ఉన్నది: రూ. 1,150
2. పెద్ద ప్లాస్టిక్ టబ్బు: రూ. 350
3. జల్లెడలు మూడు (బియ్యం, రవ్వ, మైదా): రూ. 420
4. మిల్లీగ్రాము చూపించే చిన్న డిజిటల్ త్రాసు: రూ. 890
5. వలకు కట్టే సీసం గుండ్లు: రూ. 120
6. ఇంకు ఫిల్లర్: రూ. 10

మొత్తం రూ. 2,940. అయస్కాంతం పాత స్పీకర్లోంచి పీకింది, దానికి ఖర్చు లేదు.

సీసమే ఎందుకంటే, నీళ్ళతో పోలిస్తే ఇసుకలోని పలుగురాయి 2.65 రెట్ల బరువు, సీసం 11.3 రెట్లు, మేలిమి బంగారం 19.3 రెట్లు. సీసాన్ని పళ్ళెంలో నిలబెట్టగలిగితే బంగారం అంతకంటే తేలిగ్గా నిలబడుతుంది. గుండును సుత్తితో సాగగొట్టి, కత్తిరించి, ఒక్కో మిల్లీమీటరు పలుకులు చేశా. సీసం విషం. చేతికి తొడుగు వేసుకోండి, వంటింటి గిన్నె ఒక్కటి కూడా వాడొద్దు, కడిగిన నీళ్ళు మోరీలో పోయొద్దు. ఈ జల్లెడలు మళ్ళీ వంటింటి మొహం చూడవు.

మొట్టమొదటి పరీక్ష లెక్కలోకే రాలేదు. 50 పలుకులు 5 కిలోల ఇసుకలో కలిపి గాలించి, పారబోతను, అంటే పళ్ళెంలోంచి వంపేసిన ఇసుకను, మిద్దె మూలన కుమ్మరించా. సాయంత్రం ఇంటావిడ మిద్దె ఊడ్చింది. ఆమెదేం తప్పు? మరుసటి రోజు నుంచి పారబోతంతా రెండో బకెట్లోకే.

పరీక్ష 1: 50లో 31. పట్టిన టైము 22 నిమిషాలు. పారబోతను మళ్ళీ గాలిస్తే ఇంకో 12 వచ్చాయి. మిగతా 7 ఎక్కడున్నాయో తేలలేదు.

అంటే వందకు 62. వీడియోల్లో చూసినట్టే తిప్పాను, సుడి బాగానే వస్తోంది, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. పలుకులు మాత్రం పోతున్నాయి.

దశ 2: అమ్మ చెప్పింది (ఏప్రిల్ చివర)

బట్టలు ఆరేయడానికి వచ్చిన అమ్మ కాసేపు నిలబడి చూసింది.

“ఏందిరా, నీళ్ళు తిప్పతాండావు గానీ గాలిస్తాండావా? రాయి కిందికి దిగేదానికి టైమియ్యవా?”

మా ఇంట్లో రేషన్ బియ్యంలో రాళ్ళు తీయడం చిన్నప్పటి నుంచి చూస్తున్నా. గిన్నెను కుదుపుతారు, రాయి అడుగుకు దిగుతుంది, పైనున్న బియ్యాన్ని నీళ్ళతో పాటు పక్క గిన్నెలోకి వంపుతారు, మళ్ళీ కుదుపుతారు. చివరి పిడికెడులో రాళ్ళుంటాయి. నేను కుదపకుండానే వంపుతున్నా. ఇసుక మధ్యలో ఉన్న పలుకు ఇసుకతో పాటే అంచు దాటిపోతోంది.

మార్చినవి:

1. పళ్ళెం నీళ్ళలో ముంచి, చదునుగా పట్టుకుని, అటూ ఇటూ 20 సార్లు కుదపాలి. ఇసుక పళ్ళెంలో నీళ్ళలా కదలాలి. గట్టిగా ముద్దలా ఉంటే ఏదీ దిగదు.
2. ఆ తర్వాతే ముందు అంచు దించాలి. మెట్లు ఆ అంచు వైపే ఉండాలి. నేను మొదట తిరగేసి పట్టుకున్నా, రెండు రోజులు గమనించలేదు.
3. మూడుసార్లు వంపితే మళ్ళీ చదును చేసి 10 సార్లు కుదపాలి.
4. అరచేతిలో పట్టేంత మిగిలాక తొందర పడొద్దు. పోయేదంతా అక్కడే పోతుంది.

పరీక్ష 2: 41. పరీక్ష 3: 44. పరీక్ష 4: 43.

నాలుగో దాంట్లో వెనక్కి తగ్గడానికి కారణం గులకరాళ్ళు. గులకరాయి దొర్లితే దాని వెనకాల గుంత పడుతుంది, అందులోకి దిగిన పలుకు తర్వాతి ఊపుకు లేచి పోతుంది. ఇసుకను బియ్యం జల్లెడ పట్టి గులక తీసేశాక పరీక్ష 5: 47, 14 నిమిషాలు. గులకను పారేసే ముందు జల్లెడలోనే నీళ్ళతో కడగాలి, రాయికి అంటుకుని పలుకు పోవచ్చు.

దశ 3: సన్న పొడి, నూనె, రేగడి (మే)

మిల్లీమీటరు పలుకు పెద్దది. నిజంగా దొరికేది అంతకంటే చాలా సన్నం. ఆకురాయితో సీసాన్ని రాకి, అర మిల్లీమీటరు లోపు పలుకులు 50 భూతద్దం కింద పట్టుకారుతో ఏరడానికే ఒక ఆదివారం పోయింది.

పరీక్ష 6: 50లో 19.

పలుకులు తేలుతున్నాయి! సీసం నీళ్ళ మీద తేలుతూ అంచు దాటిపోవడం కళ్ళారా చూశా. పొడి పలుకు తడవకపోతే నీటి పైపొర దాన్ని మోస్తుంది. దానికి తోడు కొత్త పళ్ళేనికి అచ్చు నుంచి వచ్చిన జిడ్డు ఉంటుంది. నా వేళ్ళకేమో పొద్దున తలకు రాసుకున్న కొబ్బరి నూనె.

పళ్ళేన్ని సబ్బుపొడి, సన్న ఇసుక వేసి రుద్దా. చేతులు సబ్బుతో కడిగా. టబ్బులో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేశా.

పరీక్ష 7: 30. పరీక్ష 8: 34. పరీక్ష 9: 38.

తర్వాత బుద్ధి గడ్డి తిని 2 కిలోల నల్లరేగడి కలిపా. మన దగ్గర నేలంతా ఇసుక కాదు కదా అని. మిల్లీమీటరు పలుకులే వేసినా 50కి 24 వచ్చాయి. పారబోత బకెట్లో చేయి పెడితే గోళీల్లాంటి మట్టి ఉండలు. ఒకటి చిదిపితే లోపల మూడు పలుకులు, పాయసంలో జీడిపప్పులా. ఉండ తేలిగ్గా దొర్లుతూ పలుకుల్ని లోపల పెట్టుకుని వెళ్ళిపోతోంది. దీనికి ఉపాయం ఒకటే, రాత్రంతా నానబెట్టి, చేత్తో పిసికి, బురద నీళ్ళు నాలుగైదు సార్లు వంపేసి, ఆ తర్వాతే పళ్ళేనికి ఎక్కించడం. అలా చేశాక 42.

ఎండాకాలంలో మా బోరు గంటకు మించి పోయదు, అందుకే టబ్బు నీళ్ళే తేర్చి మళ్ళీ వాడా. బురద నీళ్ళలో సన్న పొడి మళ్ళీ తేలడం మొదలైంది. పటిక తిప్పితే బాగానే తేరింది.

దశ 4: నల్ల ఇసుక, ముగ్గురాయి (మే చివర)

ఏ ఇసుక గాలించినా చివర్లో నల్ల ఇసుక మిగులుతుంది. అందులో ఇనుప ఖనిజం మాగ్నటైట్ నీటికి 5.2 రెట్ల బరువు. అయస్కాంతానికి అంటుకుంటుంది కదా అని నేరుగా ముంచా. ముళ్ళపందిలా నల్ల ఇసుక లేచొచ్చింది, దాని మధ్యలో ఇరుక్కుని నాలుగు సీసం పలుకులు కూడా.

ఇప్పుడు చేస్తున్న పద్ధతి:

1. నల్ల ఇసుకను పూర్తిగా ఆరబెట్టాలి.
2. తెల్ల కాగితం మీద పలచగా పరచాలి.
3. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఇసుకకు తగలకుండా వేలెడు ఎత్తులో తిప్పాలి.
4. లేచిన దాన్ని వేరే కాగితం మీద వదిలి, మళ్ళీ ఒకసారి లేపాలి. కింద మిగిలింది చూసుకోవాలి.

అయస్కాంతానికి రాని బరువు ఇసుక సంగతేంటి? దానికి మన ఉమ్మడి కడప జిల్లా సరుకే పనికొచ్చింది. మంగంపేట ముగ్గురాయి, అంటే బెరైటీస్, 4.5 రెట్లు ఉంటుంది. తెలిసినాయన దగ్గర ఒక గడ్డ తీసుకుని దంచి, 200 గ్రాములు కలిపా. మొదటి ప్రయత్నం 33, నాలుగో ప్రయత్నానికి 40. ఇక్కడ ఊపు తగ్గించి, పళ్ళేన్ని వేళ్ళతో తట్టడమే పని చేసింది. ఈ దశ ఇప్పటికీ నాకు పూర్తిగా రాలేదు.

దశ 5: బామ్మర్ది పెట్టిన పరీక్ష (జూన్ మొదట్లో)

ఎన్ని పలుకులు ఉన్నాయో తెలిస్తే మనిషి అవి దొరికే దాకా వెతుకుతాడు. అందుకే మా బామ్మర్దికి ఐదు కవర్లు ఇచ్చి, ఒక్కోదాంట్లో ఇష్టమొచ్చినన్ని వేయమన్నా. వాడు తెలివైనవాడు. చెల్లెలి గోళ్ళరంగులు తెచ్చి, కవరుకో రంగు పూశాడు.

కవరు 1: వేసినవి 30, నాకు దొరికినవి 27
కవరు 2: వేసినవి 0, దొరికినవి 2
కవరు 3: వేసినవి 12, దొరికినవి 11
కవరు 4: వేసినవి 5, దొరికినవి 5
కవరు 5: వేసినవి 20, దొరికినవి 19

రెండో కవరు చూడండి. ఏమీ వేయని ఇసుకలో నాకు రెండు దొరికాయి. రెండూ ఎర్రవి. ఎరుపు మొదటి కవరు రంగు. రంగు లేకపోతే ‘ఇక్కడ ఉంది’ అని ఒట్టేసి చెప్పేవాణ్ణి. నిజం నేలలో అయితే లేనిచోట ఉందని నమ్మి ఎన్ని రోజులు తిరిగేవాణ్ణో! నాకు ఈ డైరీ మొత్తంలో 19/50 కంటే ఎక్కువ సిగ్గనిపించింది ఇక్కడే.

వెతికితే దొంగ దొరికాడు. జల్లెడ వలకూ చుట్టూ ఉన్న రేకుకూ మధ్య సందులో మూడో ఎర్ర పలుకు ఇంకా కూర్చునే ఉంది. అప్పటి నుంచి ప్రతి రెండు పరీక్షల మధ్యా పళ్ళెం, జల్లెడ పాత టూత్‌బ్రష్‌తో తోమి, ఒక కిలో ఖాళీ ఇసుక గాలించి, ఏమీ రాలేదని చూసుకున్నాకే తర్వాతిది. టైము రెండింతలైంది.

దశ 6: అసలు బంగారం (జూన్)

మామ అంగట్లో 22 క్యారెట్ రజను 200 మిల్లీగ్రాములు కొన్నా. మేనమామే అయినా ఆ రోజు ధర కట్టే ఇచ్చాడు, రూ. 1,850. “బంగారానికీ అప్పుకూ చుట్టరికం ల్యా అల్లుడూ” అన్నాడు. ఆకురాయి నుంచి రాలిన ఇనుప రజను కలిసి ఉంటుంది కాబట్టి ముందే అయస్కాంతం తిప్పి ఇచ్చాడు. పది రెట్లు పెద్దగా చూపే నగల భూతద్దం రూ. 180.

మొత్తం ఖర్చు ఇప్పటికి రూ. 4,970.

త్రాసుతోనే మొదటి గొడవ. ఒకే రజను మూడుసార్లు తూస్తే 0.198, 0.203, 0.195. ఫ్యాన్ ఆపా, కిటికీ మూశా. ఇలాంటి చవక త్రాసులు సున్నా దగ్గర నమ్మకంగా ఉండవు. అందుకని ముందు ఒక నాణెం పెట్టి, దాని మీద రజను పోసి, తేడా తీసుకున్నా. ఐదు తూకాల సగటు 0.200. గురిగింజతో తూచిన కాలంలో ఒక్క గింజే 120 మిల్లీగ్రాముల చుట్టూ ఉండేది. నా మొత్తం సరుకు రెండు గింజలు కూడా కాదన్నమాట.

గాలింపు 1: వేసింది 0.200. పళ్ళెంలో 0.151, పారబోతలో 0.021, జల్లెడ, టబ్బు అడుగు కలిపి 0.019. లెక్కకు రానిది 0.009.

గాలింపు 2: వేసింది 0.191. పళ్ళెంలో 0.178, పారబోతలో 0.008. లెక్కకు రానిది 0.005.

గాలింపు 3: వేసింది 0.186. పళ్ళెంలో 0.177, పారబోతలో 0.005. లెక్కకు రానిది 0.004.

వందకు 75 నుంచి 95కి చేరా. సంబరపడుతూ రాత్రి ఒక లెక్క వేశా, సంబరం దిగిపోయింది. టన్నుకు ఒక గ్రాము బంగారం ఉన్న రాయి పిండి చేస్తే, 5 కిలోల పళ్ళేనికి వచ్చేది 5 మిల్లీగ్రాములు. నా మూడో గాలింపులో ఆచూకీ లేకుండా పోయిందే 4. అంటే నేను ఈ చేత్తో ఏ మట్టినైనా గాలించి ‘ఇందులో లేదు’ అంటే ఆ మాటకు విలువ లేదు.

ఒక మిల్లీగ్రాము తేడాను ఈ త్రాసు పట్టలేదు. అందుకే తర్వాతి నుంచి తూకం ఆపి, భూతద్దం కింద చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టా. ఇరవై చుక్కలు వేస్తా, ఎన్ని వచ్చాయో చూస్తా. ఇప్పటికి మెరుగైనది ఇరవైకి 16.

పాదరసం వేస్తే సన్నదంతా పట్టేస్తుందని ఇద్దరు చెప్పారు. పట్టేస్తుంది, నిజమే. కానీ దాన్ని వేడి చేసి విడదీసినప్పుడు వచ్చే ఆవిరి నరాలను తినేస్తుంది. మిద్దె కింద పిల్లలున్న ఇల్లు. వేయలేదు, వేయను.

దశ 7: కాకి బంగారం (జూన్)

ఇసుకలో తళుక్కుమన్నవి 14 ఏరి, చీటీ అంటించి మామకు చూపించా. మామ భూతద్దం కూడా తీయలేదు. సూదితో పొడిచాడు. వాటిలో పదమూడేమో రేకులుగా విడిపోయాయి, అభ్రకం. ఒకటి పొడి అయ్యింది, అది పైరైట్. బంగారం అయితే సూది కింద అణుగుతుందే తప్ప చిట్లదు.

ఇంకో గుర్తు నేను గమనించింది. ఎండలో మెరిసిన దాన్ని నా నీడలోకి తిప్పితే అభ్రకం ఆరిపోతుంది. రజను నీడలో కూడా అదే పసుపు. ఇది తెలిశాక పొరపాటు పడింది ఒక్కసారే.

దశ 8: జొన్నగిరి వైపు, చేతులు కట్టుకుని (జూలై)

తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, మద్దికెర మండలాల చేలల్లో వజ్రాల కోసం జనం దిగుతారు. బామ్మర్దీ నేనూ బండి మీద వెళ్ళాం. తవ్వడానికి కాదు, నేల చదవడానికి. జొన్నగిరిలో బంగారు గని ఒక కంపెనీ లీజులో ఉంది, అటు అడుగు పెట్టలేదు.

పొద్దున్నే వంగి నడిచే వాళ్ళను చూసి నేర్చుకున్నది ఒకటుంది. వాళ్ళు సూర్యుడికి ఎదురుగా నడుస్తారు, తల కాస్త పక్కకు పెట్టి. నడినెత్తి ఎండలో ఎవరూ వెతకరు. నేను అక్కడ చూసింది పలుగురాళ్ళు. చేలో చెల్లాచెదురుగా ఉన్న ముక్కలు మిట్ట వైపు పోయేకొద్దీ పెద్దవై, అంచులు పదునుగా మారుతూ వచ్చాయి. అంటే పుట్టిన చోటు పైనే ఉంది. ఒక్క ముక్క కూడా జేబులో వేసుకోలేదు.

తిరుగు దారిలో ఎర్రగుడి అశోకుడి శాసనాల దగ్గర ఆగాం. జొన్నగిరే ఆనాటి సువర్ణగిరి అని కొందరు చరిత్రకారులు అంటారు. బామ్మర్ది బండ మీద చెయ్యి పెట్టి “అప్పుడే అంతా గాలించేసినారేమో బావా” అన్నాడు.

ఇంటికొచ్చి నాలుగంగుళాల పైపును నిలువునా కోసి, ఇటుక మీద వాలుగా పెట్టి, రాళ్ళు అమర్చి, 50 పలుకులు ఇసుకతో కలిపి పైనుంచి నీళ్ళు పోశా. 38 రాళ్ళ వెనక నీడలోనే ఆగిపోయాయి. నున్నటి చోట ఆగినవి మూడే. వంకలో ఎక్కడ చూడాలో పుస్తకం కంటే ఇది బాగా చెప్పింది.

దశ 9: అంగడి మట్టి (ఆగస్టు)

మామ అంగట్లో ఊడ్చి దాచిన మట్టి 3 కిలోలు, రూ. 1,500. మొత్తం ఖర్చు రూ. 6,470.

రెండు రోజులు గాలించా. 0.130 గ్రాములు. మామ గీటురాయి మీద గీసి, ఇత్తడి రజను కూడా ఉందన్నాడు, రూ. 700 ఇస్తానన్నాడు. మూడు నెలల క్రితం అయితే పారబోతను అక్కడే వదిలేసేవాణ్ణి. ఇప్పుడు బకెట్ మూత పెట్టి మామ అంగడికే తీసుకెళ్ళా, ఎందుకంటే ఆ మట్టిని ఎప్పుడూ కొనే అవ్వ గురువారం వస్తుంది.

అవ్వ నా పళ్ళెం వంక చూసి నవ్వింది. తన ఇనుప మూకుడు తీసింది. బకెట్లో చెయ్యి పెట్టి ముందుగా తీసింది ఇసుక కాదు, పైన తేలుతున్న నల్లటి ముక్కలు. నేను చెత్త అనుకుని వంపేసినవి. గోటితో ఒకటి విరిచి నా చేతిలో పెట్టింది. కంసాలి లక్క, పని చేసేటప్పుడు నగను కదలకుండా పట్టి ఉంచేది. విరిగిన అంచు నిండా పసుపు చుక్కలు.

“నీళ్ళలో తేలేదంతా పొట్టు కాదు నాయనా. ముందు కాల్చల్ల, దంచల్ల, జల్లించల్ల. నువ్వు ఏకంగా నీళ్ళల్లో పెట్నావు.”

కాల్చి, రోట్లో దంచి, జల్లెడ పట్టి గాలిస్తే నా పారబోతలో ఆమెకు 0.036 వచ్చింది. అంటే ఇద్దరికీ దొరికిన దాంట్లో నా వాటా వందకు 78. ఆమె వంపేసిన బూడిద నీళ్ళను నేను అడిగి తీసుకున్నా. మళ్ళీ రెండుసార్లు గాలించా, భూతద్దం కింద ఒక్క చుక్క కూడా కనబడలేదు.

వచ్చే నెలకు ఇంకో 3 కిలోలు చెప్పి పెట్టా. ఇనుప పెనం, రోలు సిద్ధంగా ఉన్నాయి. లక్క పొగ వస్తుంది కాబట్టి మిద్దె మీద గాలివాటం చూసుకుని కాల్చాలి. ఈసారి ఆ 0.130కి పక్కన ఏ అంకె వస్తుందో అదే ఇక్కడ రాస్తా.